షెల్టర్ మీద ఎండ

పోయిన సోమవారం కోడూరు వైపు నుంచి ఒకావిడ రేషన్ కార్డు గురించి అర్జీ రాయించుకోవడానికి మా షాపుకి వచ్చింది. ఊరి పేరు చెప్పగానే నేనే అడిగాను.

"మీ ఊరి పెద్దాయన ఈమధ్య రావడం మానేశారేంటండీ? ఒంట్లో బాగానే ఉంటుందా?"

"ఎవరు, సోలార్ ఆయనా? మీకు తెలీదాండీ? పోయి నెలయ్యింది. పొద్దున్నే టీ తాగుతూ తాగుతూ కూలబడిపోయాడు" అంది. ఆ వెంటనే, "కార్డులో మా అత్తగారి పేరు తీసెయ్యమని కూడా రాయండి" అంది.

ఆవిడ పని ఆవిడది. రాశాను. ఒక పేజీ అర్జీలో నాలుగు చోట్ల తప్పులు కొట్టి మళ్లీ దిద్దాను. ఆవిడ వెళ్లిపోయాక షట్టరు సగానికి దించి, ఏం చెయ్యాలో తోచక మళ్లీ ఎత్తాను. నెల రోజులుగా ఆయన లేడు. నేనేమో నాలుగు సోమవారాల నుంచి, ఇంకా రాలేదేంటని వీధిలోకి చూస్తూనే ఉన్నాను.

బందరులో కలెక్టరాఫీసుకి దగ్గర్లో మాది చిన్న షాపు. జిరాక్సులు తీస్తాం, అర్జీలు రాస్తాం, ఫ్లెక్సీలు వేస్తాం. మా నాన్న గుడ్డ బ్యానర్ల మీద కుంచెతో రాసేవారు. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక నేను కంప్యూటర్ పెట్టాను. సోమవారం అర్జీలు తీసుకునే రోజు కాబట్టి ఆ రోజు మా గుమ్మంలో అడుగు పెట్టడానికి చోటుండదు. ఆ జనంలో నుంచి మొదటిసారి ఆయన దూరి వచ్చి, ఎవరి వంతూ చూడకుండా, నా ప్రింటరుని రెండు చేతులతో పైకెత్తి అడుగు భాగం చూశాడు.

"ఏయ్, ఏంటండీ అది! కింద పెట్టండి."

"ఎక్కడ తయారైందో చూస్తన్నానమ్మా" అన్నాడు తాపీగా. చూసి, పెదవి విరిచి, కింద పెట్టాడు.

అదీ మా పరిచయం. ఏ వస్తువు చేతికొచ్చినా తిరగేసి చూడకుండా ఉండలేడు. ఫ్యాను, స్టేప్లరు, పెన్ను, పక్కవాడి ఫోను. ఒకసారి ఈద్ రోజు సేమియా డబ్బాలో పెట్టి ఇస్తే మూత తియ్యకముందే డబ్బా తలకిందులు చేశాడు. సేమియా సగం చొక్కా మీద పడింది. కోప్పడాలో నవ్వాలో తెలియలేదు.

కుదురన్నది ఆ మనిషి ఒంట్లో లేదు. కుర్చీ వేస్తే దాని వెనక్కి వెళ్లి, వీపు పట్టుకుని నిలబడేవాడు. టీ నడుస్తూ తాగేవాడు. కాలు కాలిన పిల్లిలా గుమ్మానికీ కంప్యూటరుకీ మధ్య తిరుగుతూ అర్జీ చెబుతుంటే నాకు తల తిరిగేది. నాకసలే ఓపిక తక్కువ. ఒక చోట నిలబడి చెప్పండి బాబాయ్ గారూ అని ఎన్నిసార్లు అరిచానో. "నిలబడితే ఆలోచన ఆగిపోద్ది అమ్మాయ్" అనేవాడు.

ఆయన ఐసు ఫ్యాక్టరీలో మోటార్లు చూసే పని చేసి మానేసిన మనిషి. అడిగేదల్లా, సముద్రానికి దగ్గర్లో ఉన్న తన ఊళ్లోని తుఫాను షెల్టర్ మీద సోలార్ పలకలు, కింద బ్యాటరీలు. ప్యానెల్ అనేవాడు కాదు, పలక అనేవాడు. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి అర పేజీ చాలు. ఆయన అర్జీ మాత్రం ఎప్పుడూ ఢిల్లీ నుంచి మొదలయ్యేది. దేశం బొగ్గు కోసమూ నూనె కోసమూ ఇంకొకరి గుమ్మం ముందు నిలబడకూడదు, మన కరెంటు మనమే చేసుకోవాలి, దానికి పార్టీలన్నీ ఒక్క మాట మీద ఉండాలి. ఇలా పేజీన్నర అయ్యాక షెల్టర్ వచ్చేది.

"ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు బాబాయ్ గారూ. ముందు షెల్టర్ సంగతి రాయించండి. దేశం సంగతి దేశం చూసుకుంటుంది."

"నీకు తెలీదు ఊరుకో. నాలుగు పలకలు అడిగితే పంచాయతీ చూసుద్ది, బడ్జెట్ లేదంటది. దేశం గురించి అడిగితే ఎవడో ఒకడు పైకి పంపాల్సిందే. పైనుంచి కిందకి వచ్చేటప్పుడు మా ఊరు దార్లోనే ఉంటది."

ఆ లెక్క నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. షాపులో కరెంటు పోతే చాలు, "చూశావా" అనేవాడు, అదేదో నేనే తీసినట్టు. "బొగ్గు రావాలంటే ఓడ కావాలి, రైలు కావాలి. ఎండ రావడానికి ఏం కావాలి? ఆకాశం కావాలి. అది మనకి లేదా?" వరసలో నిలబడ్డ వాళ్లు ముసిముసిగా నవ్వుకునేవారు. ఆయన వాళ్ల వైపు తిరిగి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఎండ మనదై పలక ఇంకో దేశానిదైతే ఏం లాభం, రేపు వాడు అమ్మనంటే ఎండలో నిలబడి చెమటలు తుడుచుకోవడమేగా అనేవాడు. చెవిలో జోరీగ అంటారే, అచ్చం అదే.

ఎందుకింత పట్టుదల అని చాలా రోజులు అడగలేదు. అడిగింది కూడా జాలితో కాదు, విసుగుతోనే. అప్పుడు చెప్పాడు, గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడి. కొన్నేళ్ల కిందట తుఫానుకి ఊరంతా షెల్టర్‌లో ఉన్నారట. కరెంటు పోయింది. ఆయన భార్యకి ఆయాసం. ఆయాసానికి మందు పీల్చే మిషన్ చంకలో పెట్టుకుని తీసుకొచ్చారు కానీ దాన్ని దేనికి తగిలించాలి? రెండో రోజు మధ్యాహ్నం ఆవిడ పోయింది. చుట్టూ ఊరంతా కూర్చుని ఉండగానే. కరెంటు పదకొండో రోజు వచ్చింది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది రాద్దాం బాబాయ్ గారూ. ఇది చదివితే ఎవరి మనసైనా కరుగుతుంది" అన్నాను.

ఆయన గిరుక్కున తిరిగాడు. కోపంగా చూడటం అదే మొదలు. "వద్దు. జాలిపడి పెట్టిన పలక జాలి తీరిపోగానే పీకేస్తారు. అవసరం అని రాయి."

ఆ తర్వాత నేను ఢిల్లీ పేజీన్నరా కిక్కురుమనకుండా టైపు చేశాను.

ఎన్నికలు వచ్చాయి. గుడివాడలో ఒక పార్టీ పెద్ద సభకి బ్యానర్లు మా షాపు నుంచే వెళ్లాయి, కట్టడం చూసుకోవడానికి నేనూ వెళ్లాను. వేదిక ముందు మొదటి వరసలో చూద్దును కదా, ఈయన. కోడూరు నుంచి అవనిగడ్డ, అక్కణ్ణుంచి బందరు, అక్కణ్ణుంచి గుడివాడ, మూడు బస్సులు మారి వచ్చాడు. అభ్యర్థి మాట్లాడటం ఆపి, పెద్దలెవరైనా సమస్యలు చెప్పండి అనడమే ఆలస్యం, మైకు ఈయన చేతిలో ఉంది.

"అయ్యా, మీరు గెలిచినా వాళ్లు గెలిచినా నాకొక్క మాట కావాలండీ. దేశం కరెంటు దేశమే చేసుకోవాలని మీరు ఒప్పుకుంటారా?"

"పెద్దాయన చాలా మంచి మాట అడిగారు! మేం రాగానే ఇంటింటికీ సోలార్!" అన్నాడు అభ్యర్థి. చప్పట్లు, ఈలలు.

"సంతోషమండీ. పలకలు ఎక్కడ తయారవుతాయండీ?"

చప్పట్లలో ఆ మాట ఎవరికీ వినపడలేదు. మైకు లాగేసుకున్నారు. కాసేపటికి వేదిక వెనక్కి వెళ్తే, ఈయన అక్కడ గొంతుక్కూర్చుని ఫోకస్ లైటు తిరగేసి చూస్తున్నాడు. లైటు అబ్బాయిలు లబోదిబోమంటున్నారు. ఆయనెవరో నాకు తెలియనట్టు పక్కకి తప్పుకున్నాను.

రెండు రోజులకి రెండో పార్టీ సభలోనూ అదే ప్రశ్న అడిగాడు. వాళ్ల జవాబూ అదే, చప్పట్లూ అవే. ఇంకొకడైతే ఇంటికి పోయి పడుకునేవాడు. ఈయన నా చేత మూడే మూడు వాక్యాల కాగితం ఒకటి రాయించాడు. పార్టీ ఏదైనా సరే, దేశానికి కావాల్సిన కరెంటు ఎండ నుంచీ గాలి నుంచీ ఇక్కడే తయారు కావాలి. పలకలూ బ్యాటరీలూ కూడా ఇక్కడే తయారు కావాలి. మొదటి మెట్టుగా మా ఊరి షెల్టర్ మీద పెట్టాలి. దాని మీద రెండు పార్టీల మండల నాయకులూ సంతకం పెట్టాలి.

"ఒకే కాగితం మీదా? వాళ్లు పెళ్లిలో ఒకే పంక్తిలో కూడా కూర్చోరు" అన్నాను.

వారం తిరక్కుండా రెండు సంతకాలతో వచ్చాడు. ఎలా పెట్టించారని అడిగితే పకపకా నవ్వాడు. మొదటాయన దగ్గరికి వెళ్లి రెండో ఆయన పెడతానన్నాడని చెప్పాడట. రెండో ఆయన దగ్గరికి వెళ్లి మొదటాయన పెట్టేశాడని చూపించాడట. "నాయకుడికి కావాల్సింది మొహం కనపడటం అమ్మాయ్. మనకి కావాల్సింది కరెంటు. మొహం వాళ్లకి ఇద్దాం, కరెంటు మనం తెచ్చుకుందాం."

ఆ కాగితం ఎవరెవరి బల్లల మీద తిరిగిందో నాకు తెలియదు. గెలిచినవాళ్లు పంపారో, ఓడినవాళ్లు పోటీకి వెంటపడ్డారో తెలియదు. ఆ మరుసటి ఎండాకాలం పలకలు వచ్చాయి.

ఇక నాయకులకిస్తానన్న మొహం బాకీ తీర్చాలి కదా. ఊరి కమిటీ తరఫున కృతజ్ఞతల ఫ్లెక్సీ వెయ్యమని ఆయనే ఆర్డరిచ్చాడు. రెండు పార్టీల వాళ్లూ ఉండాలి, ఎవరి బొమ్మా ఎవరి బొమ్మ కంటే వేలెడు కూడా చిన్నది కాకూడదు, ఎవరూ ఎవరి కిందా ఉండకూడదు. పెద్ద నాయకులు, జిల్లా వాళ్లు, మండలం వాళ్లు, ఊరి వాళ్లు. ఫోన్ల మీద ఫోన్లు. ఒకాయన మీసం సరిగా కనపడలేదని మూడుసార్లు ఫొటో మార్చాడు. షెల్టర్ పిట్టగోడ వెడల్పు ఎంతో అంతకంటే పక్కకి పెంచలేం కాబట్టి ఎత్తు పెంచుకుంటూ పోయాను. చివరికి పది అడుగుల ఎత్తు తేలింది. రెండు పార్టీల వాళ్లనీ ఒకే ఫ్లెక్సీ మీద తగాదా లేకుండా సర్దిన ఘనత మా వైపు ఇంకెవరికీ దక్కలేదని నాకు గర్వం. మా నాన్న చూసి, "భేష్" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం అరుదు.

ప్రారంభానికి నేనూ వెళ్లాను, నా ఫ్లెక్సీ చూసుకోవడానికి. జ్యేష్ఠ మాసం, ఎండ నిప్పులు చెరుగుతోంది. రోడ్డు షెల్టర్‌కి దక్షిణం వైపున ఉంది కాబట్టి వచ్చేపోయే వాళ్లందరికీ కనపడేలా దక్షిణం పిట్టగోడ మీద వెదురు బొంగులు నిలబెట్టి ఆయనే కట్టించాడు. దాని వెనక పలకలు తళతళలాడుతున్నాయి. నాయకులు రిబ్బన్ కత్తిరించి, ఫ్లెక్సీ ముందు నిలబడి ఫొటోలు దిగి వెళ్లిపోయారు. పలకలకేసి ఒక్కరూ చూడలేదు.

ఈయన మాత్రం పలకల కిందకి దూరి వెల్లకిలా పడుకుని, వెనక అతికించిన కాగితం మీద ఉన్నది కూడబలుక్కుని చదువుతున్నాడు. బయటికొచ్చి బిగించిన ఇంజినీరుని పట్టుకున్నాడు.

"ఇండియాలో తయారైందని రాశారు. లోపల కరెంటు పుట్టించే బిళ్లలు కూడా ఇక్కడియ్యేనా అండీ?"

ఆ కుర్రాడు నవ్వాడు. "బిళ్లలు బయటివే పెద్దాయనా. ఇక్కడ అతికించారు."

"అంటే సగం మనది. మిగతా సగానికి మళ్లీ అర్జీ పెట్టాలి" అన్నాడు నా వైపు తిరిగి. ఇన్నేళ్ల తర్వాత పని అయిన రోజున కూడా ఈ మనిషికి నిలకడ లేదే అనుకున్నాను. కింద హాల్లో బల్బులు వెలిగాయి. ఆడవాళ్లు పంపు తిప్పి నీళ్లు పట్టుకుంటున్నారు. ఆయన హాల్లో ఒక గోడ దగ్గరికి వెళ్లి, ప్లగ్గులో టెస్టరు పెట్టి, అది వెలిగాక తీసి జేబులో పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ తీశాడు. ఆ గోడ పక్కనే ఆయన భార్య పోయిందని ఎవరో చెప్పారు.

కార్తీకంలో ఒక బుధవారం పొద్దున్నే వచ్చాడు. ఆయన సోమవారం తప్ప రాడు. ఆ వేళ అర్జీ కాగితాలు కూడా లేవు చేతిలో.

"అమ్మాయ్, పెద్ద పొరపాటు జరిగింది. నీడ పడతంది."

విషయం ఇది. ఎండాకాలం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి ఫ్లెక్సీ నీడ దాని కాళ్ల కిందే ఉండిపోయింది. కార్తీకం వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలిపోయాడు. పది అడుగుల గుడ్డ నీడ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పలకల మీదే పాకుతోంది. పలక ఒక మూల మీద నీడ పడినా ఆ వరసంతా చతికిలబడుతుందట. బ్యాటరీలు పావు వంతు కూడా నిండటం లేదు. సముద్రంలో అల్పపీడనం పడింది, ఆదివారానికి తుఫాను అంటున్నారు.

"పొద్దు ఏ కాలంలో ఎటు వాలుద్దో మా ఊళ్లో చేపలు ఎండబెట్టుకునే ముసలమ్మకి కూడా తెలుసు. దక్షిణానికి కట్టమంది నేనే. రోడ్డు చూశాను, మొహాలు చూశాను, పొద్దు సంగతి మర్చిపోయాను. ఎండ గురించి ఊరందరికీ చెప్పిన వెధవని నేను!" అంటూ నుదురు కొట్టుకున్నాడు.

"దించెయ్యండి మరి. ఎంత పని?"

"ఎవరు దించుతారు? వీళ్లు ముట్టుకుంటే వాళ్లకి కోపం, వాళ్లు ముట్టుకుంటే వీళ్లకి కోపం. వచ్చేది పంచాయతీ ఎలక్షన్లు. నాయకుడి బొమ్మ దించినోడు ఏ పార్టీ వాడని అడుగుతారు." గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వచ్చాడు. "నువ్వొక్క ఫోను చెయ్యి. కొలత తప్పు పడింది, ఎత్తు తగ్గించి కొత్తది వేసిస్తాను, పాతది దించండి అని. కొత్తదాని ఖర్చు నాది. నేనడిగితే రాజకీయం అవుద్ది, నువ్వడిగితే వ్యాపారం. ఎవరి మొహమూ చిన్నబోదు."

ఎంత తెలివైన మాటో అప్పుడే నాకు అర్థమైంది. అర్థమయ్యే నీళ్లు నమిలాను. రెండు పార్టీల వాళ్లూ మా షాపుకే వస్తారంటే, మా కొలత తప్పదన్న పేరు వల్లే. మా నాన్న నలభై ఏళ్లు కుంచె పట్టి సంపాదించిన పేరది. చెయ్యని తప్పు నా నోటితో నేనే ఒప్పుకోవాలా? అదీ ఎలక్షన్ల ముందు? అదీగాక, నిజం చెప్పేస్తున్నాను, నా బతుకులో నేను చేసిన అన్నిటికంటే మంచి పని ఆ ఫ్లెక్సీ. దాన్ని దించమని నేను చెప్పడమా?

"చూద్దాం లెండి బాబాయ్ గారూ. సాయంత్రం మాట్లాడతాను" అన్నాను.

సాయంత్రం మాట్లాడలేదు. గురువారం ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి నేను ఎత్తలేదు. ఆ రోజు బందరులో ఎండ ఎంత బాగా కాసిందో నాకిప్పటికీ గుర్తుంది, ఆరేసిన బట్టలు గంటలో ఆరిపోయాయి.

శుక్రవారం పొద్దున ఆయన కొడవలి పట్టుకుని షెల్టర్ ఎక్కి తాళ్లు కోసేశాడు. ఒక్కడే. చుట్టచుట్టి దాచుదామనుకున్నాడు కానీ పది అడుగుల గుడ్డ ఒక ముసలివాడి చేతుల్లో ఆగుతుందా? గాలి పట్టి కింద బురదలో పడింది, మొహాలు కిందకి. ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. మధ్యాహ్నానికల్లా అది నా ఫోన్‌కి కూడా వచ్చింది. దానికి ఎవరెవరో పెట్టిన మాటలు ఇక్కడ రాయను. ఈయన రెండో పార్టీలో చేరాడని మొదటివాళ్లు, మొదటి పార్టీకి అమ్ముడుపోయాడని రెండోవాళ్లు.

శుక్ర, శనివారాలు ఎండ కాసింది. ఆదివారం తుఫాను వచ్చింది. ఆ ఊరు మళ్లీ షెల్టర్‌లో చేరింది, ఊళ్లో కరెంటు పోయింది. షెల్టర్‌లో మాత్రం బల్బులు వెలిగాయి, పంపు నడిచింది. ఆయాసం ఉన్న ఒక ముసలాయన మందు మిషన్ ఆ గోడ పక్క ప్లగ్గుకే తగిలించారట. మూడో రోజు పొద్దున బ్యాటరీలు దిగిపోయాయి. ముసలాయనకి ఏమీ కాలేదు కానీ ఆ రోజంతా ఆడవాళ్లు మోకాళ్ల లోతు నీళ్లలో బిందెలు పట్టుకుని తిరిగారు. ఇంకొక్క రోజు ఎండ పడి ఉంటే ఆ రోజు కూడా గడిచేది. ఆ ఒక్క రోజు గురువారం. ఈ మాట ఆయన ఎన్నడూ అనలేదు. నేనే అనుకుంటూ ఉంటాను.

నీళ్లు తీశాక, ఫ్లెక్సీ కోసేశాడని మండల నాయకులిద్దరూ పోలీసులకి ఇచ్చిన ఫిర్యాదు సంగతి పైకొచ్చింది. స్టేషన్‌కి ఇద్దరు నాయకులూ వచ్చారు. ఫ్లెక్సీ వేసిన మనిషిని కాబట్టి నన్నూ రమ్మన్నారు. ఎస్సై మంచివాడే, కేసు దాకా పోకుండా తేల్చేద్దామని చూస్తున్నాడు. మెల్లగా నన్నడిగాడు. "కొలతలో ఏమైనా తేడా వచ్చిందామ్మా? ఉంటే చెప్పండి, ఇక్కడితో అయిపోతుంది."

గదిలో అందరూ నా వైపు చూశారు. ఆయనా చూశాడు. బతిమాలుతున్నట్టు కాదు, ఊరికే, ఏమంటానో విందామన్నట్టు.

"ఆర్డర్ ఎలా ఇచ్చారో అలా వేశానండి" అన్నాను.

ఆయన తల ఊపాడు. వెంటనే ముందుకొచ్చి ఇద్దరు నాయకులకీ చెరొక దండం పెట్టాడు, నడుం వంచి. "తప్పయిపోయిందండి. మీరంటే గౌరవం లేక కాదండి. కొత్తది నా ఖర్చుతో వేయిస్తాను. ఈసారి ఉత్తరం గోడకి కడదామండి, బడి వైపు నుంచి బాగా కనపడుద్ది." ఆ ఇద్దరూ ఆయన కొడుకుల వయసు వాళ్లు. క్షమాపణ తీసుకున్నారు కానీ ఉత్తరానికి ఒప్పుకోలేదు. తీసిన చోటే కట్టాలన్నారు. మీరు అలాగే వేసివ్వండని నాకు చెప్పి జీపులెక్కారు.

బయట చెట్టు కింద నిలబడ్డాం. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తిడితే బాగుండుననిపించింది.

"నువ్వేం అబద్ధం చెప్పలేదుగా అమ్మాయ్. ఆర్డరు అలాగే ఇచ్చాం" అన్నాడు. వాళ్ల ఊరి బస్సు కనపడగానే పరిగెత్తాడు.

మర్నాడు పొద్దున షాపు తీసి, చీపురు కూడా పట్టకుండా ఫోన్ తీశాను. మొదటి నాయకుడికి చెప్పాను. కొలత తప్పు నాదేనండీ, ఎత్తు ఎక్కువైపోయింది, గాలికి ఆగదు, పైగా పలకలకి నీడ పడుతోంది, చిన్నది వేసి ఉత్తరం గోడకి కట్టిస్తాను అని ఒక్క గుక్కలో చెప్పేశాను.

"అంతేనా అమ్మా?" అన్నాడాయన, ఏదో నములుతూ. "అలాగే కట్టుకోండి. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు. ముందే చెప్పొచ్చుగా." పెట్టేశాడు. రెండో నాయకుడు అంత కూడా మాట్లాడలేదు, మీ ఇష్టం అన్నాడు. రెండు ఫోన్లూ కలిపి అయిదు నిమిషాలు పట్టలేదు. పేరూ పోలేదు, ఆర్డర్లూ పోలేదు.

సోమవారం ఆయన రానే వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఒప్పుకున్నారమ్మాయ్! వాళ్లంతట వాళ్లే కబురు చేశారు, ఉత్తరానికి కట్టుకోమని. చూశావా, ఒక్క దండం పెడితే ఎంత పనైందో! నాయకులు చెడ్డోళ్లు కాదు, అడిగే పద్ధతి ఉంటది. రేపు ఢిల్లీ వాళ్లయినా అంతే. ఊఁ, రాయి. బిళ్లలు కూడా మన దేశంలోనే..."

ఆయన అటూ ఇటూ తిరుగుతూ చెబుతున్నాడు. ఆ దండం అక్కర్లేదని, నా ఒక్క ఫోను చాలునని, అది బుధవారమే చేసి ఉండాల్సిందని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే ఆ మనిషి అంతమంది ముందు నడుం వంచింది ఉత్తపుణ్యానికని తెలిసిపోతుంది.

"నిజమే బాబాయ్ గారూ, మీ దండం వల్లే" అన్నాను. ఆయన చెప్పింది చెప్పినట్టు టైపు చేశాను.